పక్క మార్చే పట్టిక

పొద్దున ఆరు గంటలకి అత్తగారిని ఎడమవైపు తిప్పి, వీపుకి మడతపెట్టిన దుప్పటి ఆనించి, మోకాళ్ల మధ్య దిండు పెట్టాలి. ఆవిడకి పక్షవాతం వచ్చిన పధ్నాలుగు నెలలుగా ఆ పని కాత్యాయనిదే. ఆ రోజు మాత్రం ఆమె వంటింటి గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడింది.

"ఏమండీ, ఆరయింది."

వెంకటసుబ్బారావు పేపరు మడిచి లేచాడు. దిండు తిరగేసి పెట్టాడు. సుబ్బలక్ష్మిగారు వంకర తిరిగిన నోటితోనే విసుక్కుంది. "అది ఇలా చెయ్యదురా."

పెళ్లయిన కొత్తలో ఆవిడ, నర్సు కదా, ఊళ్లో అందరి ఒళ్లూ ముట్టుకునే చెయ్యి అంటూ కోడలు వడ్డిస్తే తినేది కాదు. ఇప్పుడు ఆ చెయ్యి ఎలా పట్టుకుంటుందో కొడుక్కి చెబుతోంది. కాత్యాయనికి నవ్వొచ్చింది. ఆ మాటని రోజంతా దాచుకుంది.

ఢిల్లీ నుంచి ఉత్తరం వచ్చి మూడు రోజులైంది. నర్సింగులో మాస్టర్స్ డిగ్రీకి సీటు. రెండేళ్లు. చివర్లో సొంతంగా పరిశోధన చేసి థీసిస్ రాయాలి. చేరేదీ లేనిదీ సోమవారంలోగా టెలిగ్రాం ఇమ్మన్నారు. పదకొండేళ్లుగా వార్డులో ఆమెని ఒకే ప్రశ్న తొలుస్తోంది. మంచం పట్టిన రోగి వీపుకి స్పిరిట్ రుద్ది పౌడర్ అద్దుతారు. అయినా పుళ్లు పడుతూనే ఉంటాయి. అవేమీ లేకుండా, రెండు గంటలకోసారి పక్క మారిస్తే చాలదా? చాలుననే ఆమె నమ్మకం. కానీ ఎవరూ వరసగా రాసి, లెక్కపెట్టి చూపించలేదు. ఈ సంగతి చెబితే భర్త స్నేహితులు ఆమె ఇచ్చిన కాఫీ తాగుతూనే, "బెడ్‌పాన్ మీద థీసిస్ రాస్తారా అమ్మా?" అని నవ్వారు. అతనూ నవ్వాడు. క్యాంపస్‌లో స్టాటిస్టిక్స్ చెప్పే మనిషి, లెక్కపెట్టడం గురించి తెలిసిన మనిషి. అయితే వెళ్లొద్దని మాత్రం ఒక్కసారీ అనలేదు. చదువు మాట వచ్చినప్పుడల్లా, "వెళ్లు. కానీ అమ్మనెవరు చూస్తారు?" అనేవాడు. ఆ మొదటి మాటని మంచితనం కింద జమ కట్టి, రెండో మాటకి జవాబు తనే వెతుక్కుంటూ ఆమె చాలాకాలం గడిపింది.

చివరికి ముందురోజు రాత్రి ఆమే అంది. "సోమవారం దాకా నేను ముట్టుకోను. పొద్దుట మీరు క్యాంపస్‌లో ఉన్నంతసేపూ పనిమనిషి రాములమ్మ, మిగతా వేళల్లో మీరు. తిప్పినప్పుడల్లా ఈ పట్టికలో గీత పెట్టండి." మంచం పక్క గోడకి పట్టిక అంటించింది. సెలవు పెట్టి, రోజూ తార్నాక నుంచి క్యాంపస్ లైబ్రరీకి నడిచి వెళ్లి, దొరికిన వైద్య పత్రికల్లోంచి నోట్సు రాసుకుంది. తన కోసం కుర్చీలో కూర్చుని చదవడం ఎన్నేళ్లయిందో. ఫ్యాను గాలికి కాగితం ఎగిరితే అరచేత్తో అదిమిపట్టడం కూడా హాయిగానే ఉంది.

మూడో రోజు లైబ్రరీలో కరెంటు పోయింది. మూడింటికే ఇంటికొచ్చింది. అతను పడక కుర్చీలో కునుకు తీస్తున్నాడు. పట్టికలో రెండుకి గీత ఉంది. నాలుగుకీ, ఆరుకీ, ఎనిమిదికీ కూడా ఉన్నాయి. అన్నీ ఒకే సిరా, ఒకే వంపు.

అంట్లకి వచ్చిన రాములమ్మ గొంతు తగ్గించింది. "సారు పొద్దుగాలనే అన్ని గీతలు గీసిండమ్మా. నేను పన్నెండింటికి ఎట్ల పండవెట్టి పోయిన్నో పెద్దమ్మ గట్లనే ఉన్నది. నిన్న గూడ గంతే."

కాత్యాయని దుప్పటి తొలగించింది. తుంటి ఎముక మీద రూపాయి బిళ్లంత ఎరుపు.

అతను లేచి వచ్చి చూశాడు. మొహం పాలిపోయింది. ఆ తర్వాత వచ్చిన మాటలో మాత్రం సంజాయిషీ కన్నా ఊరటే ఎక్కువ. "చూశావా? నాకిది చేత కాదు కాత్యాయనీ. నువ్వు లేకపోతే అమ్మ బతకదు."

ఆమె చేతులు అలవాటుగా మంచం మీదికి వెళ్లాయి. సగంలో ఆగాయి. పని ఎగ్గొట్టింది ఆయన. సీటు పోగొట్టుకోవాల్సింది తను. ఈయన ఎంత చేతకానివాడైతే తను అంత అవసరం. అంత అవసరమని అనిపించుకోవడం తనకీ ఇన్నాళ్లూ తియ్యగానే ఉండేది. అది గుర్తొచ్చి ముందు తనమీదే కోపం వచ్చింది.

"ఇక్కడ వేలు పెట్టి నొక్కండి."

నొక్కాడు. ఎరుపు తెల్లబడి, మెల్లిగా మళ్లీ ఎర్రబడింది.

"తెల్లబడుతోంది, ఇంకా పుండు కాలేదు. ఆ వైపు బరువు పడకుండా చూస్తే తగ్గిపోతుంది. మీ స్టూడెంటు ఎవరైనా కొలవకుండానే అంకెలు రాసి తెస్తే ఏం చేస్తారు?"

అతను గోడ మీది పట్టిక వైపు చూశాడు. "మళ్లీ చేసుకురమ్మంటాను."

"చెయ్యండి మరి."

అతను వంగాడు. భుజం కింద ఒక చెయ్యి, తుంటి కింద ఒక చెయ్యి. సుబ్బలక్ష్మిగారు మూలిగింది. కాత్యాయని స్టూలు మీద కూర్చుని రెండు చేతులూ ఒళ్లో బిగించుకుంది. లేవకుండా కూర్చోవడం కన్నా తిప్పడమే తేలిక. దిండు ఈసారి సరిగానే పడింది. ఆవిడ విసుక్కోకుండా కళ్లు మూసుకుంది.

కాత్యాయని చెప్పులు వేసుకుంది.

"ఎక్కడికి?"

"పోస్టాఫీసుకి. వస్తున్నానని టెలిగ్రాం ఇవ్వాలి."

"సోమవారం దాకా చూద్దామన్నావుగా? నేనింకా నెగ్గలేదు."

"నేను బయల్దేరడానికి ఇంకా నాలుగు వారాలుంది, నేర్చుకోండి," అంది ఆమె, గడప దాటుతూ. "ఆ పరీక్ష మీకండీ. నాకు కాదు."