మొలక పరీక్ష

పగిడయ్య కౌలు భూమి బీడు పడడానికి కారణమెవరని ఏన్కూరులో ఎవరడిగినా, విత్తనాల దుకాణం జహూర్ పేరే వినబడుతుంది. చెప్పేది పగిడయ్యే. జహూర్ చేసిన తప్పేమిటో మాత్రం అడిగినవాళ్లకి ఓ పట్టాన అర్థం కాదు.

ఆ యేడు కూతురు వనజకు నాలుగో నెల నిండింది. ఆమె పెద్దకొడుకు చిరంజీవికి తలసీమియా. నెలనెలా ఖమ్మం తీసుకెళ్లి రక్తం ఎక్కిస్తేనే వాడు లేచి తిరుగుతాడు. కడుపులో బిడ్డకీ అదే జబ్బుందేమో తేల్చడానికి డాక్టరమ్మ పొడుగాటి సూదితో ఉమ్మనీరు తీసింది. సూది వనజకి గుచ్చితే, బయట బల్ల మీదున్న పగిడయ్యకి కళ్లు తిరిగాయి. నర్సులు ఆయన మొహాన నీళ్లు చల్లి లేపాల్సి వచ్చింది.

ల్యాబులో పనిచేసే నాగలత వచ్చి, "నీళ్లల్ల బిడ్డ కణాలు తక్కువున్నయి. పెంచి చూడాలె. మూడు వారాలైతది" అంది.

"పెంచుడేందమ్మా? ఉంటే ఉన్నదను, లేకుంటే లేదను."

"ఏం పండిస్తవ్ కాకా?"

"మిర్చి."

"ఇత్తనం చేతుల పట్టుకోంగనే మొలుస్తదో లేదో చెప్తవా?"

"ఎట్ల చెప్త? వంద గింజలు తడిగోనెల చుట్టి పెడత. మొలకలు లెక్కపెట్టినంకనే నారు పోస్త."

"మేం జేసేది గదే."

ఆ మాట పగిడయ్యకి తెగ నచ్చింది. ఏడో తరగతిలో బడి మానేసిన తన పనీ, ల్యాబు పనీ ఒకటేనని బస్సులో పక్క సీటాయనకి చెప్పాడు. ఆయన నిద్రపోతే కండక్టరుకి చెప్పాడు.

ఇల్లు చేరాక ఆ గర్వం నిలవలేదు. రోజుకి రెండుసార్లు నాగలతకి ఫోను. "మొలిచినయా బిడ్డా?" "ఇంకా లేదు కాకా." పదో రోజున విత్తనాలకి పోతే, జహూర్ తూకం వేస్తూ, "అన్నా, ఇవి పోయిన యేటి ఇత్తనాలు. మొలక జూసి పోసుకో" అన్నాడు.

"ఊకో జహూర్! ఒక్క పరీక్షకే పానం పోతాంది. ఇంకోదానికి ఎదురుచూసుడు నాతోని కాదు."

తెచ్చినవన్నీ ఆ సాయంత్రమే నారుమడిలో చల్లేశాడు.

ఇరవై రెండో రోజు పొద్దున నాగలతే ఫోను చేసింది. "కాకా, బిడ్డకి ఆ జబ్బు లేదు. రక్తం ఎక్కించే పనే లేదు."

పగిడయ్య చెప్పులు కూడా తొడుక్కోకుండా నారుమడికి ఉరికాడు. భార్య పుల్లమ్మ అక్కడ గొంతుక్కూర్చుని ఉంది. కబురు విని ఏడ్చింది, నవ్వింది, కొంగుతో మొహం తుడుచుకుని మడి చూపించింది. చల్లి పన్నెండు రోజులైనా అక్కడొకటి, ఇక్కడొకటి మొలక.

"దవాఖానల మొలిచినయ్, మన మడిల మొలవలే. ఊరందరికి తడిగోనె ముచ్చట చెప్పినవ్, మనింట్ల గోనె దొర్కలేదా?"

మళ్లీ విత్తనం తెచ్చి పోద్దామంటే అదును దాటింది. కౌలు ముందే కట్టేశాడు.

అందుకే జహూర్ మీద కోపం. మొలక చూసుకొమ్మని ఒక్కసారే చెప్పాడట. అంత తెలిసినవాడు చెయ్యి పట్టుకుని రెండోసారి చెప్పొద్దా అంటాడు, మనవరాలిని ఒళ్లో ఆడిస్తూ. కౌలుకు పట్టింది రెండెకరాలు. మొలిచిన నారు ఇరవై గుంటలకు, అంటే అరెకరానికే సరిపోయింది. బీడు పడ్డది ఎకరం ఇరవై గుంటలు.