ఎర్రయ్యకు ఆకు వెయ్యని ఇల్లు

యుద్ధం వస్తుందో రాదో ఢిల్లీలో వాళ్ళకే తెలియదు గానీ, హాడోలో మాత్రం సాయంత్రం అయ్యేసరికి దీపాలన్నీ ఆర్పించేస్తున్నారు. అసలే మన దీవుల్లో పొద్దు తొందరగా వాలిపోతుంది. అక్కడ వైజాగ్‌లో జనం ఇంకా గొడుగులేసుకుని తిరుగుతుంటే ఇక్కడ చీకటి పడిపోతుంది. దానికి తోడు ఈ బ్లాకౌట్ ఒకటి. రేవులో నేవీ ఓడలు, నెత్తిమీద హెలికాప్టర్లు, టీవీలో అరుపులు. సైరన్ మోగిందంటే వీధి వీధంతా నల్లబడిపోయేది.

ఆ చీకట్లో ఇల్లిల్లూ తిరిగి "భయ్యా, లైట్ బంద్ కరో, దీదీ, పరదా వేసుకోండి" అని చెప్పే వాలంటీర్లలో ధరణి ఒకతె. పన్నెండో తరగతి పరీక్షలు రాసి ఖాళీగా ఉంది. గొంతు పెద్దది, భయం తక్కువ. వాళ్ళ నాన్న కాంట్రాక్టు పనుల మీద రంగత్‌లో ఉండిపోతే, అమ్మ సుందరి జెట్టీ దారిలో కిరాణా కొట్టు చూసుకునేది. ఇంట్లో తాగిన గ్లాసు తియ్యదు గానీ దేశాన్ని కాపాడుతుందట అని కొట్టుకొచ్చిన ప్రతివాళ్ళ దగ్గరా కూతుర్ని ఆడిపోసుకునేది. మళ్ళీ ఆ కూతురికి కొత్త టార్చి కొనిచ్చింది కూడా ఆవిడే.

వీధి చివర గుట్ట మీద జపాన్ వాళ్ళు కట్టిన బంకర్ ఒకటుంది. మందపాటి కాంక్రీటు గోడ, తుపాకి పెట్టుకోవడానికి సన్నటి కంత, చుట్టూ తుప్పలు. పగలు మేకలు పడుకుంటాయి. ఒక సాయంత్రం సైరన్ మోగాక అందులో ఎవడో దాక్కుని ఫోను చూసుకుంటున్నాడేమోనని ధరణి పైకెక్కింది. ఫోను లేదు, కుర్రాడున్నాడు. గోడకి ఆనుకుని, చిరుగుల పంచెతో, రేవు వైపు చూస్తూ కూర్చున్నాడు. ఈ పిల్ల అరిచేలోపే వాడు అడిగాడు, జపానోళ్ళు ఎల్లిపోనారా అని.

తాగొచ్చాడనుకుంది. రిపోర్టు చేద్దామని ఫోను తీసి ఫోటో కొట్టింది. ఫోటోలో గోడ ఉంది, తుప్పలున్నాయి, వాడు లేడు. మళ్ళీ తీసింది, మళ్ళీ లేడు. మీరూ నేనూ అయితే గుట్ట దిగేదాకా వెనక్కి చూడం. కానీ వాడి మొహం చూస్తే ఎన్నాళ్ళనుంచో తిండి లేదని తెలిసిపోతోంది, ఆకలిగా ఉన్నవాణ్ణి వదిలేసి రావడం ఆ పిల్లకి చేతకాదు. సంచీలో ఉన్న బిస్కట్ పాకెట్ తీసి ఇచ్చింది. వాడు బిస్కట్ వైపు చూడలేదు, ఇచ్చిన చెయ్యి వైపు చూశాడు.

పేరు ఎర్రయ్య. జపాన్ సైన్యం ఈ దీవుల్ని పట్టుకున్న రోజుల్లో, ఇదే వీధిలోంచి, పద్దెనిమిదేళ్ళప్పుడు వాణ్ణీ మరో నలుగుర్నీ మట్టి తవ్వడానికి లాక్కుపోయారు. తవ్వడం అయ్యాక, లోపలి దారులు బయటికి తెలియకూడదని, వాళ్ళని లోపలే పెట్టి గోడ మూసేశారు. ఆ చీకట్లో వీళ్ళకంటే ముందే ఒకటుంది. దానికి రూపం లేదు, పళ్ళున్నాయి. ఒక్కొక్కణ్ణీ తాగేసి, ఒక్కొక్కణ్ణీ తనలాంటి వాణ్ణి చేసి అది తన దారిన పోయింది. మన పెద్దవాళ్ళు రక్తపిశాచి అనేది దాన్నే. ధరణి ఫోనులో చూసే సీరియళ్ళలో వాటిని వాంపైర్లంటారు, అవి తెల్లగా, పొడుగు కోట్లేసుకుని ఇంగ్లీషు మాట్లాడతాయి. మన ఎర్రయ్య నల్లగా, బక్కపల్చగా ఉన్నాడు. నోరు విప్పితే అచ్చం పక్కింటి దేముడమ్మ మామ్మ మాటే.

సైరన్ మోతకి మెలకువ వచ్చి, బీటలు వారిన గోడ సందులోంచి బయటికొచ్చాడట. ఇంకా అదే యుద్ధం అనుకున్నాడు. అది ఎప్పుడో అయిపోయింది, జపాన్ వాళ్ళు ఇప్పుడు కెమెరాలేసుకుని టూరిస్టులుగా వస్తున్నారు, ఇది వేరే యుద్ధం అని ధరణి చెప్పింది. మీకెన్ని యుద్ధాలే పిల్లా అన్నాడు వాడు. ధరణికి నవ్వొచ్చింది. ఆ నవ్వులోనే పడిపోయింది పిచ్చిది.

తర్వాత సంగతి ఎలా చెప్పను. వాడు వద్దన్నాడు, ఈ పిల్లే మణికట్టు చాపింది. పెదాలు ఐసుగడ్డలా తగిలాయి. చీమ కుట్టినట్టు ఓ చురుకు, ఆ వెంటనే ఒళ్ళంతా తేలిపోయినట్టు అయింది. వాడి చెంపలకి రంగొచ్చింది, కళ్ళలోకి మనిషొచ్చాడు. అప్పుడు చూసింది ధరణి, ఎంత అందగాడో. ఇక రోజూ అంతే. ఊరంతా యుద్ధం ఆగిపోవాలని మొక్కుకుంటుంటే, ఈ పిల్ల ఒక్కతీ పొద్దున్నే లేచి సైరన్ ఎప్పుడు మోగుతుందా అని చెవులప్పగించి కూర్చునేది. కొట్లో చిల్లర తప్పిచ్చేది, ఎదురుగా మనిషి మాట్లాడుతుంటే గుట్ట వైపు చూసేది. మొహం పాలిపోతోందని సుందరి బీట్‌రూటు తినిపించింది, మేక కార్జం తినిపించింది, డెలానీపూర్‌లో దిష్టి తీసే ముసలాయన దగ్గరికీ తీసుకెళ్ళింది. ఆయన మూడు మిరపకాయలు కాల్చి, పిల్లకి ప్రేమ జబ్బు అన్నాడు. ఆయన్ని మెచ్చుకోవాలి.

ఎర్రయ్యకి మాత్రం ఈ పిల్ల మీద కాదు ధ్యాస. వాడికి ఇల్లు కావాలి. రోజూ చీకటి పడగానే గుట్ట దిగి దేముడమ్మ ఇంటి గేటు దాకా వచ్చి నిలబడేవాడు. దేముడమ్మ వాడి చెల్లెలు. వాణ్ణి లాక్కుపోయిననాటికి పాలపళ్ళు ఊడుతున్న పిల్ల, ఇప్పుడు తొంభైకి దగ్గరపడింది. లోపలున్నవాళ్ళు పిలిస్తే తప్ప వాడు గడప దాటలేడు, వాడి జాతికి అదొక కట్టు. గేటు పట్టుకుని చెల్లెలు దగ్గుతుంటే వినేవాడు, అన్నం గిన్నె మీద మూత పెట్టిన చప్పుడు వినేవాడు, మళ్ళీ గుట్టెక్కేవాడు. పిలిపించుకోవచ్చు కదా అని ధరణి ఓసారి అడిగింది.

"పిలిస్తే ఎల్తాను. ఎల్తే దాని రగతం తాక్కుండా ఉండనేను" అన్నాడు.

మిగతా నలుగురూ ఏమయ్యారని అడిగితే, పోయారన్నాడు. గోడ మూసేశాక ఎన్నాళ్ళకో ఒక అమావాస్యనాడు మొదటివాడు పోయాడట. పక్కన కూర్చున్నవాడల్లా, ఎవరో అన్నానికి పిలిచినట్టు తలెత్తాడు, మొహం తేటపడింది, చూస్తే మనిషి లేడు. వాడి ఇంట్లోవాళ్ళు ఆవేళ చనిపోయిన పెద్దలతో పాటు వాడికీ ఆకు వేసి, పేరు పెట్టి పిలిచి, అన్నం పెట్టారన్నమాట. తర్వాత ఒక్కొక్కళ్ళూ అలాగే వెళ్ళిపోయారు. ఎర్రయ్య ఎదురుచూశాడు, ప్రతి అమావాస్యకీ చెవులు రిక్కించుకుని కూర్చున్నాడు. ఆఖరికి విసిగి నిద్రపోయాడు. "నన్నెవులూ పిలవనేదు. మాయమ్మ మరిసిపోనాది" అన్నాడు. కోపంగా కూడా అనలేదు.

మర్నాడు దేముడమ్మ పెరట్లో నెత్తళ్ళ చేపలు ఎండబెడుతుంటే పక్కన చేరి, మామ్మా, మీ అన్నయ్యకి పెద్దల్లో ఆకు వెయ్యవా అని అడిగింది. ఆ ముసలమ్మకి అంత కోపం వస్తుందని ఎవరనుకుంటారు. చేటతో సహా లేచింది. బతికున్నోడికి ఆకేస్తారేటే అంది. జపాన్ వాళ్ళు పోయాక కులపెద్దలొచ్చి కర్మ చెయ్యమంటే వాళ్ళమ్మ అట్లకాడ పుచ్చుకుని వీధి చివరిదాకా తరిమిందట. పోయేముందు దేముడమ్మ చేత ఒట్టు వేయించుకుంది, నాకు ఆకు వెయ్యి, మీ నాన్నకి వెయ్యి, అన్నకి మాత్రం వెయ్యకు, వాడొస్తాడు అని. ఆ ఒట్టు ఈ రోజుకీ తప్పలేదు. అమ్మకి, నాన్నకి, మొగుడికి ఆకులు పడతాయి గానీ ఎర్రయ్యకి పడదు. చెప్పి చెప్పి చీర చెంగుతో కళ్ళు తుడుచుకుంది.

ధరణి ఇంటికొచ్చి మంచమెక్కింది. వాణ్ణి ఎవరూ మర్చిపోలేదు. చచ్చిపోయాడనుకోవడానికి మనసొప్పక, అంత ప్రేమతో, ఇన్నేళ్ళూ వాణ్ణి ఆకలికి మాడ్చారు. ఈ మాట మామ్మకి చెబితే ఆకు పడుతుంది. ఆకు పడితే వాడు పోతాడు. అంతే కదా లెక్క. అందుకని మామ్మకీ చెప్పలేదు, వాడికీ చెప్పలేదు. సాయంత్రం సైరన్ మోగితే రెండో మణికట్టు ఇచ్చింది. తప్పు కాదా అంటే తప్పే. కానీ అలాంటి కుర్రాణ్ణి దొరకబుచ్చుకున్న పిల్ల, పొమ్మని వాకిలి తెరుస్తుందా చెప్పండి.

వాడి ఆకలి మాత్రం ఆగలేదు, పెరిగింది. ఒక సాయంత్రం మణికట్టు చాలక మెడ మీద పళ్ళు దించాడు. ధరణి వద్దంది, వినలేదు. పిడికిళ్ళతో గుద్దింది, వినలేదు. కళ్ళు తిరిగి పడిపోతుంటే వాడే తన చెయ్యి తాను కొరుక్కుని, ఆ నొప్పికి వదిలాడు. గోడవతలకి పాక్కుంటూ పోయి అక్కడినుంచే మాట్లాడాడు.

"ఇంక రామాక పిల్లా. రేపో ఎల్లుండో నేను మా గేటుకాడ నిలబడి దేముడూ అని కేకేసీస్తాను. అది రా అన్నీస్తాది. నా గొంతుక నా మాట ఇనడం నేదు."

ఆ రాత్రి సుందరి కూతురి పక్కనే పడుకుని, పిల్ల ఒళ్ళు చల్లబడిపోయిందని కాళ్ళు రుద్దుతూనే ఉంది. ధరణి పైకప్పు చూస్తూ ఏడ్చింది. వాడు ఎవరినో ఒకరిని చంపితీరతాడు. చంపితే, తను ప్రేమించినవాడు కూడా మిగలడు. తెల్లారితే అమావాస్య.

ఆ మధ్యాహ్నం దేముడమ్మ పెద్దల కోసం వంట మొదలుపెట్టింది. ధరణి వెళ్ళి గారెలకి పప్పు రుబ్బిపెట్టింది, ఆకులు కడిగింది, చెప్పవలసిన మాట మాత్రం నోటిదాకా వచ్చి వెనక్కి పోతూనే ఉంది. సైరన్ మోగింది. ఆవేళ ధరణి ఏ ఇంటికీ వెళ్ళి దీపం ఆర్పమని చెప్పలేదు. కిటికీలకి దుప్పట్లు కట్టి, నూనె దీపం ఒక్కటి గోడవారగా పెట్టారు. మూడు ఆకులు పడ్డాయి. అన్నం వడ్డించారు, నెత్తళ్ళ పులుసు పోశారు. ముసలమ్మ చేతులు జోడించబోతుంటే వీధిలోంచి వినపడింది.

"దేముడూ."

గరిటె కింద పడింది. ఎనభై ఏళ్ళ కింద విన్న గొంతు అది, ఒక్క వెంట్రుకవాసి మారలేదు. అన్నియ్య అంటూ ముసలమ్మ తడుముకుంటూ గుమ్మం వైపు నడిచింది. గేటు ఊచల మధ్యనుంచి వేళ్ళు, వాటి వెనక తెరుచుకున్న నోరు ధరణికి కనిపించాయి. ముసలమ్మ కళ్ళకి చీకట్లో ఏదీ ఆనలేదు. ఇంకో క్షణం ఉంటే రా అనేసేదే. ధరణి ఎదురెళ్ళి ఆవిడ రెండు చేతులూ పట్టుకుంది.

"మామ్మా, పిలవకు. నాలుగో ఆకు వెయ్యి."

"ఏటే నువ్వనేది? మాయన్న గొంతది."

"మీ అన్నయ్య చచ్చిపోయాడు."

"నువ్వు సూసినావా?"

ఎనభై ఏళ్ళూ ఎవరొచ్చి ఏం చెప్పినా ఆ ఇంట్లో ఆడవాళ్ళు అడిగింది ఈ ఒక్క ప్రశ్నే. చూశానన్నవాడు ఒక్కడూ లేక ఆకు పడలేదు. ధరణి గేటు వైపు చూసింది. రోజంతా ఎవరికోసం కాచుకునేదో ఆ మొహం అక్కడుంది. లేదు అంటే సరిపోతుంది, రేపు కూడా ఉంటాడు.

"చూశాను మామ్మా" అంది. "గుట్ట మీద బంకర్లో. నిజంగా చచ్చిపోయాడు. మీ అమ్మ తనని మర్చిపోయిందనుకుంటున్నాడు. మర్చిపోలేదని, బతికున్నాడనుకునే ఆకు వెయ్యలేదని చెప్పు. అన్నం పెట్టు మామ్మా, ఆకలితో చస్తున్నాడు." ఈ మాటలు ముసలమ్మకి ఎంత చెప్పిందో గేటుకీ అంత గట్టిగా చెప్పింది. ఊచల మీద వేళ్ళు సడలాయి.

దేముడమ్మ వెనక్కి తిరిగి వెళ్ళి నాలుగో ఆకు తెచ్చి, అన్నిటికంటే ముందు వరసలో వేసింది. గిన్నెలో అన్నమంతా దాని మీదే గుమ్మరించింది. గారెలు పెట్టింది, పులుసు పొర్లేదాకా పోసింది. నాన్నని పిలిచింది, అమ్మని పిలిచింది, మొగుణ్ణి పిలిచింది. ఆ తర్వాత నాలుగో ఆకు వైపు తిరిగింది. ధరణి ఆవిడ వీపు మీద చెయ్యి వేసి నిమిరింది.

"అన్నియ్యా, ఎర్రయ్యా" అంది దేముడమ్మ. "అమ్మ నిన్ను మరవనేదురా. అన్నం తినీసి ఎల్లు."

గేటు దగ్గర ఎర్రయ్య తలెత్తాడు. మొహం తేటపడింది. ఆకు వైపే చూశాడు, ధరణి వైపు చూడలేదు. అమ్మ అన్నానికి పిలిస్తే పరిగెత్తే పిల్లాడు దారిలో ఎవరినైనా చూస్తాడా. ఒక్కసారి, ఒక్కసారి ఇటు చూడు అని ధరణి లోపల్లోపల ఎంత బతిమాలుకుందో. ఊచల మధ్య చీకటి తప్ప ఏమీ మిగల్లేదు.

అప్పుడు ఏడ్చింది పిల్ల. నేలమీద చతికిలబడి, వీధంతా వినపడేలా ఏడ్చింది. తోడబుట్టినదాని ఏడుపు దాని ముందు ఏ మూలకీ రాలేదు. దేముడమ్మ తన ఏడుపు ఆపి, వింతగా చూసి, ఒలమ్మా, నాకంటే అన్న, నువ్వెందుకింత ఏడుస్తున్నావు, ఆడు నీకేటవుతాడే అని అడిగింది. ధరణి నోరు తెరిచింది. వరస కలిపి చెప్పడానికి ఒక్క మాట దొరకలేదు. దీపం దగ్గరికి జరిపి చూసిన ముసలమ్మకి మెడ మీద గాట్లు కనిపించాయి, రెండు మణికట్ల మీదా కనిపించాయి. ఆకు పడని అన్నకి ఎవరు పెట్టారో తెలిసిపోయింది.

పెద్దల ఆకులో అన్నం ఆ ఇంటివాళ్ళే తింటారు, బయటివాళ్ళకి పెట్టరు. చిన్నప్పటినుంచీ ఆ ఇంట్లో పెరిగినా ధరణికి ఒక్క మెతుకు కూడా పెట్టలేదు ఎప్పుడూ. దేముడమ్మ నాలుగో ఆకు ముందు కూర్చుని, పులుసన్నం కలిపి, ముద్ద చేసి ఆ పిల్ల నోటి దగ్గర పెట్టింది.

"తిను, వదినా" అంది.