పొట్టనిండా పెళ్ళి సీసాలు

నేను ఒక ఫైబర్ బోటును. ముక్కు నుంచి తోక దాకా ఇరవై ఆరడుగులు. కాకినాడ దగ్గర ఒక రేకుల షెడ్డులో, అచ్చు మీద గాజునార పరిచి, రెజిన్ జిగురు పూసి, మళ్ళీ పరిచి, మళ్ళీ పూసి, పూతరేకులు చుట్టినంత ఓపికగా నన్ను తయారుచేశారు. చెట్టుకు పుట్టనిది పడవెలా అవుతుందని చెక్క పడవలు మొదట్లో నన్ను చిన్నచూపు చూశాయి. వాటిని పురుగు తొలిచేశాక ఆ మాట అనేవాళ్ళు లేకపోయారు.

నా మొదటి యజమాని కొర్లయ్య. శ్రీకాకుళం తీరంలో పద్నాలుగేళ్ళు ఇద్దరం కలిసి కవళ్ళ చేపలు పట్టాం. మోకాళ్ళు అరిగి ఆయన వేట మానేశాక నన్ను ఇసుకలో బోర్లించారు. నా మీద ఎండుచేపలు ఆరేశారు. నా కింద కోళ్ళు గుడ్లు పెట్టాయి. మనుషులు దేన్నీ పారేయరు, పట్టించుకోవడం మానేస్తారు, అంతే.

ఈ వేసవిలో కొర్లయ్య మేనల్లుడు దానేసు పెళ్ళయింది. ఒకరు గ్రైండరు చదివించారు, ఒకరు గోడ గడియారం చదివించారు. కొర్లయ్య నన్ను చదివించాడు. "బోటు తేలితే ఇంజను కూడా ఇత్తాను" అన్నాడట. పందిట్లో నవ్విన నవ్వు ఇసుకలో ఉన్న నాకూ వినిపించింది.

కొత్త పెళ్ళికూతురు పుణ్యవతి మాత్రం నవ్వలేదు. దానేసు ఏటా చెన్నై హార్బరుకు, పెద్ద బోట్ల మీద కలాసీ పనికి వెళ్ళేవాడు. వెళ్తే పది నెలలకు గానీ రాడు. వేట నిషేధం జూన్ పద్నాలుగుతో ముగుస్తుంది. ఆలోగా నేను తేలితే ఇంటి దగ్గరే వేట, లేకపోతే పదిహేనున చెన్నై రైలు. కొత్త దంపతులకు పది నెలలు ఎంతో నాకు తెలియదు గానీ, పుణ్యవతి నన్ను చూసే చూపులో కొంత తెలిసేది.

ట్రాక్టరు మీద నన్ను వాకిట్లోకి తెచ్చారు. ఇద్దరూ గరుకు కాగితంతో నా ఒళ్ళు రుద్దారు. ఆ పొడి తగిలి ఒకటే దురద. ఒకరి వీపు ఒకరు గోకుతూ నవ్వుకునేవారు. పని అయిదు నిమిషాలు, గోకుడు అరగంట.

పుణ్యవతి డిగ్రీలో కెమిస్ట్రీ చదివింది. రెజిన్‌ను గట్టిపరిచే మందును సిరంజితో కొలిచి మరీ కలిపేది.

"ఇంజక్షనేటే, బోటుకు జొరమొచ్చినాదేటి?" అని దానేసు ఏడిపించేవాడు.

పగుళ్ళన్నీ పూడ్చారు. నీలం రంగు డబ్బా మూత తీశారు. అప్పుడే ఎండుచేపలమ్మి వచ్చిన అత్తగారు గురువమ్మ, తట్ట దించి, కొబ్బరికాయ ఎంచుకున్నట్టు నా పక్కన వేలి కణుపుతో కొట్టి చూసింది.

"ఓలమ్మా, ఇది నీళ్ళు తాగీసినాదే. లోపలంతా తడే!"

నేను సిగ్గుపడ్డాను. నిజమే మరి. తేలడం కోసం నా పక్కల్లో కూరిన ఫోము నురగ ఇన్నేళ్ళుగా నీళ్ళు పీలుస్తూనే ఉంది. కోసి తీస్తే బస్తాలకొద్దీ చెమ్మ. అప్పటికి తొమ్మిది రోజులే మిగిలాయి.

దానేసు చేపల పెట్టెల థర్మాకోల్ ఏరుకొచ్చాడు. దాన్ని నాలో కూరి, పుణ్యవతి పైన రెజిన్ పోసింది. చూస్తుండగానే థర్మాకోల్ టీలో పంచదారలా కరిగిపోయింది.

"కెమిస్ట్రీ అన్నావు గదే?"

"ఈ పాటం సెప్పిన్రోజు నాను కాలేజీకి ఎల్నేదు మావా."

ఇద్దరూ పడీపడీ నవ్వారు. తరవాత ఆమె నా వెనక్కి వచ్చి, నుదురు నాకు ఆనించి ఏడ్చింది. వెచ్చటి ఉప్పునీళ్ళు తగలడం నాకదే మొదటిసారి.

గురువమ్మ అది చూసింది. ఓదార్పు మాటలు ఆమెకు రావు. "ఏడుపుకేటి, ఎప్పుడైనా ఏడవొచ్చు. ముందు ఆ పెళ్ళి సీసాల మూటలు తీయించు. కాళ్ళకడ్డం పడతన్నాయి!" అని అరిచింది.

విందులో తాగి పడేసిన కూల్‌డ్రింకు సీసాలవి. పుణ్యవతి ఒకటి తీసి, మూత బిగించి, బకెట్లో ముంచి వదిలింది. సీసా టప్పున పైకి లేచింది. ఆ తరవాత మూడు రోజులు ముగ్గురూ మూతలు బిగించడమే పని. నీళ్ళలో ముంచినప్పుడు బుడగ వచ్చిన ప్రతి సీసానూ గురువమ్మ తిట్టి పక్కకు విసిరేది. అలా వాళ్ళ పెళ్ళి విందంతా నా పొట్టలోకి చేరింది. పైన గాజునార పరిచి, నీలం రంగు వేశారు.

పద్నాలుగో తేదీ ఉదయం నన్ను నీళ్ళలోకి నెట్టారు. దానేసు తెడ్డు పట్టాడు. పుణ్యవతీ ఎక్కేసింది.

"దిగవే! ఆడోళ్ళు బోటెక్కకూడదు!" ఒడ్డు నుంచి గురువమ్మ కేక.

"కారతందేమో సూత్తన్నానత్తా!"

"బాగుసేసినోళ్ళు ఎక్కకపోతే ఇంకెవులెక్కుతారే?" ఇస్తానన్న ఇంజను ఒడ్డున దించి, దాని పక్కనే నిలబడి కొర్లయ్య అన్నాడు.

ఆమె నా అతుకులన్నీ చీరకొంగుతో ఒత్తి చూసింది. కొంగు పొడిగానే ఉంది. ఇంతలో ఆమె చేతిలోని ఫోను మోగింది. చెన్నై కలాసీల పెద్ద.

"రేపు బండికి దానేసు వత్తన్నాడా?"

"రాడన్నియ్యా. మా బోటు తేలినాది."

దానేసు తెడ్డు వేయడం మరిచి ఆమెనే చూస్తున్నాడు. ఆ పూట సముద్రంలో చెప్పుకోదగ్గ అలలేవీ లేవు. నేనే కావాలని కొంచెం ఊగాను. ఆమె అతని భుజం పట్టుకుంది.