చివరిదాకా కాంభోజి

చిట్టియ్యది డోలు, అతని భార్య వీరవేణిది సన్నాయి. ఇరవై రెండేళ్ళ కాపురంలో వాళ్ళ మేళం మోగని పెళ్ళి పెనుగొండ చుట్టుపక్కల లేదంటే అతిశయోక్తే గానీ, చిట్టియ్య మాత్రం అలాగే చెప్పుకుంటాడు. పెళ్ళాం ఊసెత్తితే అతని నోరు ఆగదు.

అయితే పెళ్ళిలో సన్నాయి ఎవరు వింటారు? వీరవేణి కాంభోజి ఎత్తుకుని కాస్త పైకి వెళ్ళేసరికి పురోహితుడు చెయ్యెత్తి వేళ్ళు ఆడిస్తాడు. అంతే, ఏ రాగమైనా అక్కడికక్కడ తెంపేసి గట్టిమేళం మోగించాలి. తాళి కట్టేవేళ తుమ్మూ దగ్గూ ఎవరి చెవినా పడకూడదని ఆచారం. అలా తెగీ తెగీ ఆ కాంభోజి ఏనాడూ ఒడ్డుకు చేరింది లేదు. ఒక్కసారంటే ఒక్కసారి మనుషుల ముందు దాన్ని చివరిదాకా వాయించాలని వీరవేణి కోరిక.

ఆ అవకాశం భీమవరంలో వచ్చింది. రొయ్యల మేత వ్యాపారం చేసే శివరామకృష్ణగారు తన కొట్టు పైఅంతస్తులో నెలకొక చిన్న కచేరీ పెట్టిస్తారు. ఒక పెళ్ళిలో అందరూ భోజనాలకు పరిగెడితే, ఈయనొక్కడూ మేళం పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నారు. లేస్తూ లేస్తూ కచేరీకి పిలిచారు.

"ఒక్క మాటండి. మావాళ్ళు బాగా మొహమాటస్తులు. చప్పట్లు కొట్టరు, తల కూడా ఊపరు. నచ్చకపోతే మాత్రం చప్పుడు చెయ్యకుండా లేచెళ్ళిపోతారండి. ఏమీ అనుకోకండి."

"మా ఆవిడ వాయిస్తుంటే ఎవరు లేస్తారండి?" అన్నాడు చిట్టియ్య. వీరవేణి మోచేత్తో పొడిచింది.

ఆదివారం సాయంత్రం నలభై మంది వచ్చారు. మెట్ల దగ్గర చెప్పులు వరసగా విడిచి, తివాచీ మీద బుద్ధిగా కూర్చున్నారు. పెళ్ళివారి గోల మధ్య హాయిగా వాయించే చిట్టియ్యకి ఆ నిశ్శబ్దం చూస్తే చెమటలు పట్టాయి. ఫోనులో శ్రుతి పెట్టి వీరవేణి కాంభోజి ఎత్తుకుంది. రాగం సాగినంతసేపూ డోలుకి పనిలేదు. అదయ్యాక కీర్తన మొదలైతేనే అతను అందుకోవాలి.

పావుగంట గడిచినా ఎవరి మొహంలోనూ ఏమీ తెలియలేదు. పైన ఫ్యాను కిర్రుకిర్రుమంటోంది. రాగానికి అడ్డొస్తోందని, ముందు వరుసలో ఉన్న రిటైర్డ్ లెక్చరరు మురళీకృష్ణగారు దాన్ని ఆపమన్నట్టు చెయ్యెత్తి వేళ్ళు ఆడించారు.

చిట్టియ్య కళ్ళు ఆ చేతి మీద పడ్డాయి. బుర్ర ఆలోచించేలోపే అతని చేతులు డోలును దబదబా మోగించేశాయి. వీరవేణి తక్కువ తిన్నదా? డోలు వినగానే కాంభోజిని తెంపేసి గట్టిమేళం అందుకుంది. పెళ్ళీ పేరంటమూ లేని గదిలో, ఆగిపోతున్న ఫ్యానుకి మంగళవాద్యాలు హోరెత్తిపోయాయి. సంగతి తెలిసి ఇద్దరూ ఆగేసరికి అరనిమిషం అయింది.

ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేది. వెనక ముగ్గురు లేచి నిలబడ్డారు.

చిట్టియ్యకి తల కొట్టేసినట్టయింది. "నావల్లేనే వేణీ" అని గొణిగాడు. ఆవిడ సన్నాయి ఒళ్ళో పెట్టుకుని సభ వైపు చూసింది.

"తప్పయిపోయిందండి. పెళ్ళిళ్ళలో చెయ్యెత్తితే గట్టిమేళం వాయించాలండి, మాకదే అలవాటు. ఈ రాగం ఇప్పటిదాకా నన్నెవరూ పూర్తిగా వాయించనివ్వలేదండి. మళ్ళీ మొదట్నించి వాయిస్తాను. వెళ్ళేవాళ్ళు వెళ్ళచ్చండి, నేనేమీ అనుకోను."

నలుగురిలో నోరు విప్పని మనిషి అంత మాట అనేసరికి చిట్టియ్య ఛాతీ ఉప్పొంగింది. మురళీకృష్ణగారు రెండు చేతులూ తొడల కింద పెట్టేసుకున్నారు. లేచిన ముగ్గురూ నిలబడ్డచోటే ఆగిపోయారు.

కాంభోజి మళ్ళీ మొదలైంది. ఎప్పుడూ తెగే చోటు వచ్చింది, దాటిపోయింది. అక్కణ్ణించి ముందు ఏముందో చిట్టియ్యకే తెలియదు. ఇంట్లో ఆవిడ సాధన చేసేవేళకి అతను ఐసు ఫ్యాక్టరీలో పనిలో ఉంటాడు. రాగం పైపైకి వెళ్ళింది, అక్కడ చాలాసేపు నిలిచింది, తొందరేమీ లేకుండా కిందికి దిగి షడ్జం మీద ఆగింది. గదిలో చప్పట్లు లేవు. ఒక్కరూ వెళ్ళలేదు.

వీరవేణి కీర్తన ఎత్తుకుంది. పల్లవి ఒకసారి అయింది, రెండోసారీ అయింది. డోలు పలకలేదు. ఆవిడ సన్నాయి దించి మొగుడి వైపు చూసింది.

"ఏవండీ, డోలు!"

"కాసేపుండవే" అన్నాడు చిట్టియ్య, సభ సంగతే మరిచిపోయి. "ఇరవై రెండేళ్ళు పక్కనే కూర్చున్నాను. ఇదిలా ఉంటుందని నాకిప్పుడే కదే తెలిసింది."

నలభై మందిలో ఒక్కరూ తొందరపెట్టలేదు. అతను కండువాతో కళ్ళు తుడుచుకుని, డోలు పుల్ల చేతిలోకి తీసుకుని, అందరికీ తెలిసిన సంగతే అయినా వాళ్ళ వైపు తిరిగి చెప్పాడు.

"మా ఆవిడండి."