మైకులో మారెక్క పేరు

సోమప్ప డాక్టరు సర్పంచికి నిలబడతాడని 2006 ఎండాకాలంలో ఊళ్ళో అనుకుంటుంటే నేను నమ్మలేదు. ఆయన చదివింది తక్కువే అయినా, తనకల్లుకు ఈ పక్కనున్న ఆరేడు పల్లెలకు ఆయనే డాక్టరు. ఒక ఇంటి జబ్బు ఇంకో ఇంట్లో చెప్పేవాడు కాదు. పదో తరగతి అయ్యాక నేను ఆయన దగ్గర పనిలో చేరినప్పుడు మొదట చెప్పిన మాట అదే.

"ఈడ విన్నది ఈడనే మర్చిపోవల్ల, ప్రసూనా."

టీబీ వచ్చినవాళ్ళకు సర్కారు మందుల పెట్టె ఇస్తుంది. పెట్టె మీద రోగి పేరుంటుంది. ఎవరో ఒకరి కళ్ళముందు మాత్రలు మింగాలి. మా దగ్గర ఒక్కటే పెట్టె ఉండేది, మారెక్కది. మారెక్క మా ఊరి బడిలో పిల్లలకు మధ్యాహ్నం అన్నం వండేది. మొగుడు లేడు. ఆ పనితోనే ఆమే, కళ్ళు కనబడని వాళ్ళమ్మా బతికేవాళ్ళు.

జబ్బు బయటపడేసరికి బడికి సెలవులిచ్చారు. బడి తెరిచాక కూడా, కదిరి నుంచి కఫం పరీక్ష రిపోర్టు వచ్చేదాకా డాక్టరు ఆమెను వంటకు పోనివ్వలేదు. క్రిములు లేవని రిపోర్టు వచ్చిన రోజు ఆయనే నవ్వుతూ, "ఇంక పో, వండు. నీనుంచి ఎవురికీ అంటదు. మాత్రలు మాత్రం ఇంకా నాలుగు నెలలు మింగవల్ల" అన్నాడు. ఆమె వారానికోసారి వెనక వాకిట్లోంచి వచ్చేది. నేను నీళ్ళిచ్చేదాన్ని.

ఓట్లు అడగడం డాక్టరుకు మొదట్లో చేతకాలేదు. దండం పెట్టి ఊరుకునేవాడు. ఆయన్ను నిలబెట్టిన తిప్పయ్యకు అది నచ్చలేదు.

"ఏమప్పా, పెండ్లికొచ్చినోని మాదిరి దండం పెట్టి పోతాండావు? ఎవురికి ఏం చేసినావో చెప్పకుంటే ఓటెట్ల వేస్తారు?"

మరుసటి రోజు నుంచి చెప్పడం మొదలుపెట్టాడు. ఎవరి కాన్పు ఎంత కష్టమైందో, ఎవరికి పాము కరిచిందో. జనం తలూపారు. కొందరు, "అవును, అవును" అన్నారు. ఆయనకు ధైర్యం వచ్చింది.

ఆ సాయంత్రం జీపు బస్సులు ఆగే చోట నిలిపారు. డాక్టరు మైకు పట్టుకున్నాడు. నేను ఎదురుగా క్లినిక్ గడపలో నిలబడి వింటున్నాను.

"చౌడమ్మకు కామెర్లొస్తే మందిచ్చిందెవురు? మారెక్క ఈడనే ఉండాది. ఏం మారెక్కా, రక్తం కక్కుకుంటా వస్తివే, ఆ టీబీ నీకు కుదిర్చిందెవురు? నువ్వే చెప్పు వీళ్ళకు."

మంచిమాట చెప్పినట్టే నవ్వుతున్నాడు. మారెక్క చేతిలో కూరాకు కట్ట ఉంది. పక్కన నిలబడ్డ ఆడమనిషి తన బిడ్డను చెయ్యిపట్టి అవతలి పక్కకు లాక్కుంది. అంతే. మైకు ఇంకొకరి పేరుకు పోయింది.

మరుసటి రోజు బడిలో అరవై మందికి వండితే పదకొండు మంది తిన్నారు. ఆ మర్నాడు నలుగురు. హెడ్మాస్టరు నన్ను పిలిచి, "ఆమెకు నయమైందని డాక్టరు ఒక్క ముక్క రాసిస్తే చాలమ్మా, నేను పిల్లల ఇండ్లకు పోయి చూపిస్తా" అన్నాడు.

రిపోర్టు, తెల్లకాగితం తీసుకుని డాక్టరు ఇంటికి పోయాను. చదివాడు. పెన్ను తీశాడు. రెండు ముక్కలు రాశాడు కూడా. పక్కనే కూర్చున్న తిప్పయ్య తొంగిచూశాడు.

"అరవై ఇండ్లప్పా. నువ్వు ఆయమ్మ పక్కన నిలబడితే ఆ పిల్లోళ్ళ నాయన్లు మనకేస్తారా? ఓట్లకు ఇంక ఆరు దినాలే ఉండాయి."

డాక్టరు పెన్నుకు మూత పెట్టాడు.

"ఎలక్షన్ కానీ ప్రసూనా. నేనే బడికాడికొచ్చి ఆయమ్మ వండిన అన్నం అందరి ముందర తింటా."

ఆ మాటే మారెక్కకు చెప్పాను. "తింటాడా?" అంది. తింటాడన్నాను. నిజంగానే అనుకున్నాను.

ముప్పై ఒక్క ఓట్లతో గెలిచాడు. ఆయన బడికి వస్తాడని నాలుగు రోజులు చూశాను. ఐదో రోజు బడికి పోతే పొయ్యి దగ్గర తిప్పయ్య కోడలు కూర్చుని ఉంది. హెడ్మాస్టరు ఒక కాగితం నా ముందు పెట్టాడు. ఆరోగ్య కారణాల వల్ల మారెక్కను వంట పని నుంచి తప్పించవలెనని ఉంది. కింద సర్పంచి ముద్ర. పైనున్న రాత నేను రోజూ మందుల చీటీల మీద చదివే రాతే. రెండుసార్లు చదివాను.

ఆ వారం మారెక్క మాత్రలకు రాలేదు. ఇంటికి పోయాను. తల్లికి తల దువ్వుతోంది.

"ఇంక రాను. ఆ మాత్రలు మింగినందుకే గదా నాకు రోగముండాదని ఊరికి తెలిసింది. మింగకుంటే ల్యాదనుకుంటారు."

"మానితే మళ్ళా వస్తాదక్కా. ఈసారి అవి పనిచేయవు. మీయమ్మకు కూడా అంటుకుంటాది."

దువ్వెన ఆగింది. తల్లి జుట్టు ముడేసింది.

"ఆయప్ప వాకిలి మాత్రం తొక్కను. కదిరి ఆస్పత్రిలో ఇస్తారా?"

"ఇస్తారు. పెట్టె, కార్డు తీసుకుపోవల్ల."

"అయితే తెచ్చియ్యి."

క్లినిక్ నిండా మనుషులున్నారు. దండలు ఇంకా మేకుకు వేలాడుతున్నాయి. అల్మారా తెరిచి పెట్టె తీసుకుని ఆయన ముందరి నుంచే నడిచాను. నన్ను ఆపుతాడని, ఏదో ఒకటి అంటాడని అనుకున్నాను.

"యాడికి?"

"మారెక్కకు. ఇంకమీదట కదిరికి పోతుందంట."

"మంచిదే. బస్సులో పెట్టె ఎండకు పెట్టొద్దను. మధ్యలో మానితే ప్రాణానికే ముప్పని గట్టిగా చెప్పు, మర్చిపోవద్దు."

ఆ గొంతులో నిజమైన దిగులుంది. ఎదురుగా కూర్చున్న ముసలాయన చెయ్యి మెల్లగా పట్టుకుని, గడియారం చూస్తూ నాడి లెక్కపెట్టడం మొదలుపెట్టాడు.