మా అమ్మ కంట్రీ పాడేది

"తగ్గించు" అన్నాడు ప్రేమానందం, పేపర్లోంచి తల ఎత్తకుండా.

మణి సింకు దగ్గర కోడిని ముక్కలు చేస్తోంది. కిటికీ గట్టు మీద చిన్న రేడియో. అందులో ఎవరో ఆవిడ, చెప్పాపెట్టకుండా ఆలస్యంగా ఇంటికొచ్చే మొగుడి సంగతి పెరటిగోడ మీంచి పక్కింటావిడకి చెప్పుకున్నంత ధారాళంగా పాడుతోంది. ఇంగ్లీషు మాటలు సగమే అర్థమవుతాయి గానీ తగువు మాత్రం మణికి పూర్తిగా అర్థమవుతుంది. తగ్గించమన్నది రేడియోనా, దానితోపాటు తను తీస్తున్న కూనిరాగాన్నా అని అడగలేదు. రెండూ తగ్గించింది. ఆ ఇంట్లో ఆ ఒక్క మాట చెయ్యని పని లేదు. కూరలో కారం తగ్గించు. పోపు వాసన తగ్గించు. ఫోన్లో గొంతు తగ్గించు. ఎదురింటావిడతో మాట్లాడేటప్పుడు చేతులు తిప్పడం తగ్గించు. అమెరికాలో, డెట్రాయిట్ పక్కన ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఇల్లు కొన్నప్పట్నించీ మణి తగ్గుతూనే ఉంది. ఇంకా తగ్గడానికి ఏం మిగిలిందో ఆవిడకే తెలీదు.

"కంట్రీ మ్యూజిక్ అట" అని నవ్వాడు ప్రేమానందం. "మనూళ్ళో కంట్రీ చికెన్ అంటే ఏంటి? నాటుకోడి. కంట్రీ లిక్కర్ అంటే? నాటుసారా. ఇవీ అంతే. నాటు పాటలు."

తన జోకు తనకే బాగా నచ్చి, ఆ ఆదివారం తెలుగు క్రైస్తవుల ఫెలోషిప్‌లో కూడా చెప్పాడు. అందరూ నవ్వారు. కాగితం పళ్ళేలు సర్దుతున్న మణి మాత్రం నవ్వలేదు. నాటు అన్న మాట ఆయన నోట్లో తిట్టు. ఆవిడ చెవిలో అది మోకాలి లోతు బురద, నీళ్ళ మీద ఎండ, వరసలో వంగిన ఆడవాళ్ళు, అందరికంటే ముందు అమ్మ. రేపల్లె చుట్టుపక్కల ఏ ఆసామి నాట్లు మొదలెట్టినా ముందు మార్తమ్మని పిలవమనేవాడు. మార్తమ్మ పాట ఎత్తుకుంటే మిగతావాళ్ళు అందుకునేవాళ్ళు. పాట ఎత్తుకున్నాక నడుం నొప్పి గుర్తుండదనేది అమ్మ. అది అబద్ధమని మణికి తెలుసు, రాత్రిళ్ళు ఆ నడుముకి కాపడం పెట్టింది తనే గనక. అయినా బాగుండేది, ఆ అబద్ధం.

అమ్మ గొంతే తనకీ వచ్చింది. పెళ్ళయిన మొదటి ఆదివారం చర్చిలో కీర్తన అందుకుంటే, పక్కన కూర్చున్న అత్తగారు మోచేత్తో పొడిచింది. "ఏంటమ్మా ఆ గొంతు, మడిగట్టు దాటి పోతోంది. పెదాలు కదిపితే చాలు. దేవుడికి వినబడుతుంది." కొత్త కోడలు గదా, కదిపింది. అమెరికా వచ్చాక అత్తగారి మోచెయ్యి పని ప్రేమానందం చూపుడువేలు తీసుకుంది. కీర్తన మధ్యలో ఆ వేలు రేడియో మీట తిప్పినట్టు కొంచెం తిరిగేది. అంతే, మణి పెదాల్లోకి వెళ్ళిపోయేది. దేవుడికి వినబడుతోందో లేదో గానీ, మణికి తన గొంతు వినబడి చాలా కాలమైంది.

వినబడింది మళ్ళీ ఎక్కడంటే, కార్ల సీట్లకి కవర్లు కుట్టే షాపులో.

కూతురు దెబోరా బడికెళ్ళడం మొదలెట్టాక మణి అక్కడ పనికి కుదిరింది. ఇంట్లో వంటా, అంట్లూ, బట్టలూ, ఆదివారం ఫెలోషిప్ భోజనాలూ ఎక్కడివక్కడే ఉండగా, దాని పైన ఇది. "నీకూ కాస్త టైంపాస్" అన్నాడు ప్రేమానందం. ఫెలోషిప్‌లో ఎవరైనా అడిగితే మాత్రం "మా ఆవిడ కూడా ఆటో ఇండస్ట్రీలోనే" అంటాడు. వినేవాళ్ళు డిజైనింగ్ అనుకుంటారు. ఆయన కాదనడు.

షాపులో కుట్టుమిషన్ల రొదకి మించి రేడియో మోగాలి, లేకపోతే వినబడదు. అందుకని అక్కడ ఎవరూ తగ్గించమనరు. మణి పక్క మిషన్ ఓపల్‌ది. కెంటకీ కొండల మనిషి, చిన్నప్పుడు తల్లిదండ్రులతో కలిసి కార్ల ఫ్యాక్టరీల కోసం ఉత్తరానికి వచ్చింది. మణి పేరు పలకడం చేతకాక 'మనీ' అని పిలుస్తుంది. "ఈ షాపులో మనీ ఉన్నది నా పక్కనే" అని రోజూ అదే జోకు. నోట్లో పిన్నులు పెట్టుకునే, మిషన్ ఆపకుండానే, తన పాటల పుట్టుపూర్వోత్తరాలన్నీ చెప్పింది. ఫిడేలు సముద్రం దాటి వచ్చిందట, పొట్ట చేతబట్టుకొని ఓడెక్కిన పేదవాళ్ళతో. బాంజో ఆఫ్రికా వాళ్ళదట. గొలుసులు వేసి తెస్తే, చేతికి దొరికిన సొరబుర్రతో దాన్ని మళ్ళీ చేసుకున్నారట. కొండల్లో గుడిపాటలు, గనుల్లో ఏడుపులు, పత్తిచేలల్లో, నూలు మిల్లుల్లో ఆడవాళ్ళు కట్టిన పదాలు, అన్నీ కలిస్తే ఇదీ. శనివారం సాయంత్రం ఊరికంతటికీ ఉన్న ఒకే ఒక్క బ్యాటరీ రేడియో చుట్టూ అందరూ చేరి వినేవాళ్ళట.

"మొదట్లో పట్నం కంపెనీలవాళ్ళు దీనికి పెట్టిన పేరు హిల్‌బిల్లీ. కొండమొద్దులు అన్నట్టు. తిట్టు అది" అంది ఓపల్. "నేను డెట్రాయిట్ బడిలో నోరు విప్పితే పిల్లలంతా నవ్వేవాళ్ళు. మాట్లాడ్డం మానేశాను. ఇంటికొచ్చి రేడియో పెడితే, అచ్చం నాలాగే మాట్లాడే ఆడది పాడుతోంది, దేశం మొత్తం వింటోంది. అప్పుడు మళ్ళీ నోరు విప్పాను." ఒక పిన్ను తీసి గుడ్డకి గుచ్చి, "మీ దేశంలో ఏం పాడతారు మనీ?" అని అడిగింది.

నాట్ల పాటలని ఇంగ్లీషులో ఏమనాలి? మణికి మొగుడి జోకే సాయానికొచ్చింది. నాటుకోడి కంట్రీ చికెన్ అయినప్పుడు నాటు పాట ఇంకేమవుతుంది?

"మా అమ్మ కంట్రీ పాడేది" అంది.

ఓపల్ మిషన్ ఆగిపోయింది. ఆ వెనక మిషనూ ఆగింది. "మీ అమ్మ? ఇండియాలో? కంట్రీ?"

"అవును. ఊళ్ళో అందరికంటే ముందు మా అమ్మే పాడేది. వెనక ఇరవై మంది అందుకునేవాళ్ళు."

భోజనాల వేళకి షాపంతా పాకిపోయింది, మనీవాళ్ళ అమ్మ ఇండియాలో పేరున్న కంట్రీ సింగరనీ, వెనక ఇరవై మంది బృందం ఉండేదనీ. మణి ఆ ముడి విప్పుదామనే చూసింది. కానీ వాళ్ళ మొహాల్లో ఆ గౌరవం చూశాక, విప్పడానికి అందులో అబద్ధం ఏముంది అనిపించింది. అమ్మకి పేరు లేదా? ఉంది. ముఠా లేదా? ఉంది. లేనిదల్లా మైకొక్కటే. ఆ లోటు ఓపల్ తీర్చేసింది. అక్టోబరు చివరి శనివారం సాయంత్రం కార్మికుల యూనియన్ హాల్లో కంట్రీ పాటల పండగ. ఏటా చేస్తారు. ఈసారి అందులో మణి ఒక పాట పాడాలి.

ఇంట్లో చెప్పింది. ప్రేమానందం పేపరు మడిచాడు. ఆయన పేపరు మడిచాడంటే సంగతి పెద్దదే.

"శనివారం పాస్టర్ సుందర్ రాజ్ గారు వాళ్ళు డిన్నర్‌కి వస్తున్నారు."

"వండిపెట్టే వెళ్తాను. వేడి చేసుకోవడమే."

"ఏం పాడతావ్?"

"నాట్ల పాట."

ఆయన మడిచిన పేపర్ని ఇంకో మడత పెట్టాడు. మాట్లాడినప్పుడు గొంతులో కోపం కూడా లేదు. "మైకు ముందు నిలబడి మీ అమ్మ కూలికెళ్ళేదని చెప్తావా? ఇక్కడ మన తెలుగువాళ్ళలో ఎవరు ఏంటో ఎవరికీ తెలీదు మణీ. తెలీకపోవడమే బాగుంది. ఇంత దూరం వచ్చి మళ్ళీ ఆ బురదలోకి ఎందుకు?"

ప్రేమానందం చెడ్డవాడేం కాదు. మణికి ఆ భయం కొత్తా కాదు. హాస్టల్లో కంచం ముందు, ఇంటర్వ్యూల్లో ఇంటిపేరు అడిగినప్పుడు, ఆయన మొహంలోకి ఎలా వచ్చి పోయేదో పెళ్ళయిన కొత్తలో ఆయనే చెప్పాడు. అది విని మణి ఏడ్చింది కూడా. కానీ ఇవాళ గిన్నె తుడుస్తూ ఆలోచిస్తే ఇంకొకటి తట్టింది. ఆ భయం ఆయనది. ఇన్నాళ్ళూ దానికి కప్పం కట్టింది మాత్రం తన గొంతు. పరువు ఇంటిల్లిపాదికీ పంచి, నోరు మూసుకోవడం ఒక్కటీ తన వంతుకి వదిలేశారు, అంట్లు వదిలేసినట్టే.

"ఒక్క మాట అడుగుతాను" అంది. "మడిగట్టు దాటే గొంతు ఎలా ఉంటుందో అత్తయ్యకి ఎలా తెలుసండీ?"

ప్రేమానందం పేపరు మళ్ళీ విప్పుకున్నాడు.

శనివారం కోడికూర, పప్పుచారు, వంకాయ వేపుడు, పాయసం, అన్నీ చేసి డబ్బాల్లో సర్ది, స్టవ్ మీద అన్నం పెట్టి, మణి నైలెక్స్ చీర కట్టుకుని కోటు తొడుక్కుంది. ఓపల్ ట్రక్కులో హారన్ కొట్టింది. దెబోరా ముందే వెళ్ళి మధ్య సీట్లో కూర్చుంది. "వడ్డించుకోండి" అని చెప్పి మణి తలుపు వేసింది. ఆ తలుపు చప్పుడు కొంచెం గట్టిగానే వచ్చింది. ఎవరూ తగ్గించమనలేదు.

హాలు నిండా జనం. చెక్కనేల మీద బూట్ల చప్పుడు, మొక్కజొన్న రొట్టె వాసన. ఫిడేలు, బాంజో, గిటారు ఒకదాని వెనక ఒకటి తరుముకుంటున్నాయి. అరవై దాటిన ఆడవాళ్ళు నడుం మీద చెయ్యేసుకుని గంతులేస్తున్నారు. ఇంత సంబరం మణి ఊళ్ళో కుప్పనూర్పిళ్ళ తర్వాత ఎక్కడా చూడలేదు. ఓపల్ మైకు పట్టుకుని, "ఈ అమ్మాయి వాళ్ళమ్మ ఇండియాలో కంట్రీ పాడేది" అంది. చప్పట్లు మోగాయి.

మణి మైకు ముందు నిలబడింది. నోరు విప్పింది. అలవాటు ఎక్కడికి పోతుంది, పెదాలే కదిలాయి. గొంతు సన్నగా, పక్కవాళ్ళకి ఇబ్బంది కలగకుండా వచ్చింది. రెండో చరణానికి వెనక వరసలోంచి ఒక ముసలాయన చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని అరిచాడు. "లౌడర్, హనీ. ఇక్కడ వినబడ్డం లేదు."

పెంచమన్నాడు. పుట్టి బుద్ధెరిగాక మణిని ఎవరూ పెంచమనలేదు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, వెంటనే నవ్వూ వచ్చింది. కోటు విప్పి దెబోరా చేతికిచ్చి, కొంగు నడుముకి బిగించి, మొదట్నించీ ఎత్తుకుంది.

"వంచిన నడుమూ మనదే, వదినా, వరిమడి బురదా మనదే. నాటిన చెయ్యీ మనదే, వదినా, నవ్వే పైరూ మనదే."

ఆ గొంతు హాలు దాటింది. బయట కార్లు పెట్టే చోటు కూడా దాటే ఉంటుంది. ఫిడేలాయన రెండో చుట్టుకే వరస పట్టేశాడు. మణి చెయ్యెత్తి ఆడవాళ్ళకి సైగ చేసింది, 'మనదే' దగ్గర మీరందుకోండని. షాపు ఆడవాళ్ళు అందుకున్నారు, వాళ్ళకి వినబడినట్టుగా. "మండే. మండే." వారమంతా మిషన్ల మీద వంగేవాళ్ళు గదా, సోమవారం మీద పాటంటే వాళ్ళకి ఇంకెవరూ అర్థం చెప్పక్కర్లేకపోయింది. హాలంతా కాళ్ళు నేలకేసి తాటిస్తూ మండే, మండే అని ఊగిపోయింది. మణి నవ్వుతూనే పాడింది, పాడుతూనే నవ్వింది. అమ్మ వెనక ఇరవై మందే. తన వెనక హాలు పట్టనంతమంది.

తిరిగొచ్చేటప్పుడు ట్రక్కులో ఓపల్ అంది. "సోమవారం గురించి ఇంత సంతోషంగా పాడినవాళ్ళని నేనెక్కడా చూడలేదు."

"మండే కాదు. మనదే. అంటే అవర్స్ అని."

ఓపల్ ట్రక్కుని మలుపు తిప్పింది. "అదీ బానే ఉంది" అంది. "సోమవారం కూడా మనదైతే ఇంకేం కావాలి."

ఇంట్లో అడుగుపెట్టేసరికి గుప్పున వాసన. ప్రేమానందం కూర వేడి చేద్దామని ప్లాస్టిక్ డబ్బాని అలాగే ఓవెన్లో పెట్టాడట. పాస్టర్ గారు వాళ్ళు పప్పుచారు పోసుకుని తిని వెళ్ళారట. కిటికీలన్నీ బార్లా తీసి ఉన్నాయి. పోపు వాసన కూడా వీధిలోకి పోకూడదనే మనిషి చలిలో అట్ట పెట్టి విసురుతున్నాడు. మణికి నవ్వు ఆపుకోవడానికే ఓపిక సరిపోయింది.

పొద్దున చర్చికి బయల్దేరేముందు ఆయన ఓవెన్లో కరిగి అంటుకున్న ప్లాస్టిక్ గోకుతున్నాడు. నిన్నట్నించీ దెబోరా నోట్లో అదే పాట. "డాడీ, మమ్మీ సో లౌడ్‌గా పాడింది. అందరు క్లాప్ చేసారు. నేను కూడా మనదే అన్నాను" అంటూ ఇల్లంతా గెంతుతోంది. మణి మెట్ల మీద చెవిపోగు పెట్టుకుంటోంది. ఓవెన్లో తల దూర్చిన ప్రేమానందం గోకుడు చప్పుడుకి లయగా సన్నగా పాడుకోవడం వినబడింది.

"కోసే కొడవలి మనదే, వదినా, కొప్పున కంకీ మనదే."

మణి చెయ్యి చెవి దగ్గరే ఆగిపోయింది. ఆ చరణం తను నిన్న పాడలేదు. దెబోరాకి తెలీదు. అది ఆయనకి ఎవరు నేర్పారో, ఏ మడిగట్టు మీద కూర్చోబెట్టి నేర్పారో తెలియడానికి ఇంకెవరినీ అడగక్కర్లేదు. వెనక్కి రెండు మెట్లెక్కి, అప్పుడే దిగుతున్నట్టు చెప్పుల చప్పుడు చేస్తూ వచ్చింది.

చర్చిలో కీర్తన మొదలైంది. మణి పెదాలు కదపలేదు, పాడింది. పల్లవి దగ్గర ఆ గొంతు ముందు వరసలు దాటి పోయింది. తలలు వెనక్కి తిరిగాయి. పాస్టర్ గారి కనుబొమలు పైకి లేచాయి. ప్రేమానందం చూపుడువేలు తిరిగింది. మణి చూసింది, పాడుతూనే ఉంది. ఆయన వంగి చెవిలో అన్నాడు. "తగ్గించు."

పాటకీ పాటకీ మధ్య ఊపిరి తీసుకునేంత సందు ఉంటుంది. ఆ సందులో మణి, కొడవలి మీద కంకి ఆనించినంత మెత్తగా అంది.

"తగ్గించనండీ. మీరే అందుకోండి."