గంట ముందే పడ్డ తిట్టు

రాజుల సినిమా అంటే మా ఇంట్లో ఎవరెక్కడ కూర్చోవాలో ముందే ఖాయం. గోడ వైపు మా అమ్మాయి, దాని పక్కన వాళ్ల నాన్న, ఆయన పక్కన నేను, నాకు ఎడమ పక్కన మా అత్తగారు. ఆవిడకి కుడి చెవి బాగా పనిచేస్తుంది కాబట్టి ఆ ఏర్పాటు.

చెవి కంటే ఆవిడకి పెద్ద చిక్కు గడ్డాలతో. రాజుకీ గడ్డమే, శత్రువుకీ గడ్డమే, గుర్రాలకి గడ్డి వేసేవాడికీ గడ్డమే. రాజు కిరీటం తీసి పడుకున్నాడంటే ఆవిడ లెక్కలో మాయమైపోయినట్టే. "ఈ గడ్డంవాడెవడే?" అని మోచేత్తో పొడుస్తారు. నేను చెవిలో చెప్తాను. పెళ్లయిన ఈ ఇరవై రెండేళ్లలో తెర మీద ఎన్ని రాజ్యాలు కూలాయో, అన్నీ నా నోటి మీదుగానే ఆవిడ చెవిలోకి కూలాయి. నేను చరిత్రలో డిగ్రీ చేశాను. దానికి దొరికిన ఉద్యోగం ఇదొక్కటే. జీతం లేకపోయినా పర్మనెంటు అనుకున్నాను.

ఈసారిది కోట ముట్టడి సినిమా. పోస్టర్ పడగానే లైబ్రరీ నుంచి రెండు లావు పుస్తకాలు తెచ్చుకుని, కూరగాయలు తరుగుతూ ఎవరికి ఎవరు ఏమవుతారో అత్తగారికి రెండు వారాలు పాఠం చెప్పాను. శనివారం మ్యాట్నీకి టికెట్లు మా ఆయనే కొన్నారు, నేను అడక్కుండానే. అప్పుడే అనుమానం రావాల్సింది.

సినిమా మొదలైంది. రాజుగారి కొలువు. పెద్ద మంత్రి చల్లగా నవ్వుతూ వచ్చి, రాజు భుజం మీంచి జారిన పైపంచెని సర్దాడు. "ఎంత మంచోడో చూడు" అంది వెనక వరసలో ఒకావిడ. అంతలో నా ఎడమ పక్కన పది వేళ్ల మెటికలూ పటపటా విరిగాయి.

"నీ చేతులు పడిపోనూ! నవ్వుతున్నావా, నవ్వు!" అన్నారు అత్తగారు.

"అదేమిటత్తయ్యా, ఆయనేం చేశాడు పాపం?"

ఆవిడ గబుక్కున కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. "మొహం చూస్తే తెలియట్లా?" అన్నారు.

ఇన్నేళ్లుగా మొహం చూసి రాజునే గుర్తుపట్టలేని మనిషి!

అక్కణ్నుంచి నేను సినిమా చూడటం మానేసి మావాళ్లని చూశాను. తెర మీంచి పెద్ద బండరాయి దూసుకొస్తే హాలంతా తలలు వంచింది. మావాళ్లు ముగ్గురూ దర్జాగా కూర్చున్నారు. రాణి ఇంకా ఉత్తరం విప్పనేలేదు, మా అమ్మాయి కళ్లు తుడుచుకుంది. పాట మొదలవగానే మా ఆయన లేచి వెళ్లి, సరిగ్గా ఆఖరి చరణానికి పాప్‌కార్న్‌తో తిరిగొచ్చారు. రోజూ ఎక్కే బస్సు టైమే తెలియని మనిషికి పాట టైము తెలుసు.

నాకు గురువారం గుర్తొచ్చింది. ఆ రోజు మా అక్కని కళ్ల డాక్టరుకి చూపించడానికి పొద్దున వెళ్లి సాయంత్రం వచ్చాను. ముగ్గురికీ వండిపెట్టి వెళ్తే, గిన్నెల మీద మూతలు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. "ఎండకి ఆకలి వెయ్యలేదు" అన్నారు ముగ్గురూ ఒకే గొంతుతో. నేను లేక ముద్ద దిగలేదు కాబోలు అనుకుని, లోపల కాస్త మురిసిపోయి, అన్నీ ఫ్రిజ్‌లో సర్దాను.

ఇంటర్వెల్లో లైట్లు వెలిగాయి. నేను అమాయకంగా కాళ్లు చాపుకుని, "కథ తెలిసిపోయింది. చివరికి ఆ మంత్రే రాజుని కాపాడతాడు చూడండి" అన్నాను.

"వాడా!" అత్తగారు సీట్లోంచి లేచినంత పని చేశారు. "వాడు కాపాడటమేమిటే? ఆ సచ్చినోడే కదా కోట తలుపు తీసి..."

మా ఆయన పెద్దగా దగ్గారు. "నానమ్మా!" అంది మా అమ్మాయి. అప్పటికే తలుపు బార్లా తెరుచుకుంది.

"గురువారమా?" అన్నాను.

ఆయన నీళ్లు నమిలారు. "అదీ... అనుకోకుండా..."

"ముగ్గురూ అనుకోకుండా ఒకే హాల్లో కలుసుకున్నారా?"

"అమ్మా, కోపం తెచ్చుకోకు," అంది మా అమ్మాయి పాప్‌కార్న్ నా వైపు జరుపుతూ. "నువ్వు పక్కనుంటే ఆ కత్తి అప్పటిది కాదంటావు, ఆ నగ తప్పంటావు, అసలు రాజు ఇంత పొడుగు లేడంటావు. ఒక్కసారి ఊరికే చూద్దామనిపించింది."

"మళ్లీ నీతో వచ్చాం కదా," అన్నారు ఆయన, అదేదో త్యాగం చేసినట్టు.

వాళ్లిద్దరి సంగతి సరే. నేను అత్తగారి వైపు తిరిగాను. "మీకేమొచ్చిందత్తయ్యా?"

ఆవిడ కొంగు అంచు చుట్టారు, విప్పారు, మళ్లీ చుట్టారు. "నువ్వు చెవిలో చెప్తుంటే నువ్వే వినపడతావే. ఏనుగులు వినపడవు."

ఇరవై రెండేళ్లుగా నేను ఏనుగులకి అడ్డంగా కూర్చున్నానన్నమాట.

రెండో సగం మొదలైంది. నేను పెదవి విప్పలేదు. వంటశాలలో ఎవడో లావుపాటివాడు బానలో పడితే హాలంతా పగలబడి నవ్వుతోంది, నాకు సరిగ్గా అక్కడ ఏడుపొచ్చింది. ముందు సీటాయన వెనక్కి తిరిగి వింతగా చూశాడు.

తర్వాత కోట తలుపు. "తియ్యకురా! తియ్యకురా!" అని అరుపులు. ఎవరో కాగితం కప్పు తెర మీదకి విసిరారు. మంత్రి అదే చల్లని నవ్వుతో గడియ జరిపాడు. చప్పుడు కాకుండా దానికి ముందే నూనె రాసి ఉంచాడు. అడక్కుండా వచ్చిన నాలుగు టికెట్లు నా కళ్ల ముందు మెదిలాయి.

శత్రువులు లోపలికి వచ్చేశారు. ముసుగు వేసుకున్న ఒక రౌతు రాజుకి అడ్డం దూకాడు. రాజుకి తగలాల్సిన బాణాలన్నీ అతని ఛాతీకి తగిలాయి. రాజు అతన్ని ఒళ్లోకి తీసుకుని ముసుగు తొలగించాడు. లోపల గడ్డం. హాలంతా ఎక్కిళ్లు.

నా మోచేతికి పోటు తగిలింది.

"ఏమే," అత్తగారి గొంతు బాగా తగ్గింది. "మొన్న కూడా తెలియలేదు. వీణ్ని అడిగితే తర్వాత చెప్తానన్నాడు, చెప్పలేదు. ఈ గడ్డంవాడెవడే?"

వాడు ఆ మంత్రి కొడుకు. మొదటి సగంలో రాజు దగ్గరుండి గుర్రపు స్వారీ నేర్పిన పిల్లాడు. తండ్రి చేసిన పాపానికి తన ఛాతీ చూపించాడు. నాకు తెలుసు. ఈ ఒక్క ముక్క చెప్పడానికే నన్ను ఈ కుర్చీలో కూర్చోబెడతారు.

"ఎవరో దారిన పోయేవాడత్తయ్యా," అన్నాను.

కుడి పక్కనున్న మా ఆయనకి వినపడింది. ఇటు తిరిగారు, నోరు తెరిచారు, నా మొహం చూసి మూసేశారు.

హాలంతా ముక్కులు చీదుతుంటే అత్తగారు పొడి కళ్లతో అటూ ఇటూ చూశారు. "దారిన పోయేవాడికి ఇంత ఏడుపేమిటే?"

"మంచివాళ్లు లెండి. ఎవరికైనా ఏడుస్తారు."

ఇంటికొచ్చేటప్పుడు ఆటోలో ఎవరూ మాట్లాడలేదు, ఆవిడ తప్ప. "దారిన పోయేవాడైతే రాజు ఒళ్లో ఎందుకు పడుకోబెట్టుకుంటాడే?" అని మూడుసార్లు అడిగారు. మా అమ్మాయి బయటి దుకాణాల బోర్డులన్నీ శ్రద్ధగా చదువుకుంది.

ఇంటికొచ్చి నేను వంటింట్లో గిన్నెలు తీస్తుంటే అత్తగారు వచ్చి గుమ్మంలో నిలబడ్డారు, కుడి చెవి నా వైపు పెట్టి.

"నిజం చెప్పవే. వాడెవడు?"

"ఏనుగులు బాగా వినపడ్డాయా అత్తయ్యా?"

ఆవిడ మళ్లీ కొంగు అంచు చుట్టారు. "వినపడ్డాయి," అన్నారు చివరికి. "కానీ అవేం చెప్తాయే?"

మాట నోటి దాకా వచ్చింది. చెప్పేదాన్నే. ఫ్రిజ్ తలుపు తీస్తే, గురువారం నాటి గిన్నెలు మూతలతో సహా ఎదురుగా కనిపించాయి. వాటిని తీసి స్టవ్ మీద పెట్టి, వేడి చేసి, మూడు కంచాల్లో వడ్డించాను.